పొదుపంటే ఫ్యాను ఆపడమేనా?



ఈ ఎండాకాలం మన పేటల్లో చాలా కారఖానాల గోడలమీద ఒక బోర్డు వెలిసింది. పైన మరాఠీలో "వీజ వాచవా" అని, కింద తెలుగులో "కరెంటు ఆదా చేయండి" అని. బోర్డు మంచిదే. కాని అది పెట్టిన వారంలోపే అశోక్ చౌక్ వెనుక ఒక కారఖానాలో సాంచాల మీద తిరిగే నాలుగు ఫ్యాన్లలో మూడు విప్పి అటకమీద పెట్టారు. షోలాపూర్ ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు. రేకుల కప్పు కింద ఎనిమిది సాంచాలు, ఎనిమిది మోటార్లు ఆడుతుంటే లోపల ఇంకా ఎక్కువ.

మన సభ్యులు మొర పెట్టుకోకముందే ఆ కారఖానాదారు తానే లైట్ బిల్లు చేతబట్టుకుని యూనియన్ ఆఫీసుకు వచ్చాడు. ఆయనా మనవాడే, ఒకప్పుడు ఆయన తండ్రి కూడా రెండు సాంచాల మీద పనిచేసినవాడే. కుర్చీలో కూర్చుని బిల్లు బల్లమీద పరిచాడు.

"అన్నా, మీరే చూడుండ్రి. మీవాళ్ళు సాంచా ఆపి చాయ్‌కి పోతరు, మోటారు మాత్రం తిరుగుతనే ఉంటది. ఈ బిల్లు ఎవరు కట్టాలె?"

యూనియన్ అంటే ఆయన్ని కసిరి పంపిస్తుందని కొందరు అనుకున్నారు. మేము అలా చేయలేదు. బిల్లు భారం పెరిగిందన్న మాట అబద్ధం కాదు. మహావితరణ్ బిల్లు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? "వీజ ఆకార్" అంటే మనం కాల్చిన యూనిట్ల ధర. "వహన్ ఆకార్" అంటే కరెంటు మోసుకొచ్చిన కూలి. "ఇంధన్ సమాయోజన్ ఆకార్" అంటే బొగ్గు ధర పెరిగితే మన నెత్తిన వేసేది. "స్థిర్ ఆకార్" అనేది సాంచాలు తిరిగినా ఆగినా కట్టవలసిందే. వీటిపైన ప్రభుత్వానికి "వీజ శుల్క్". ఊరి పొలిమేరలో ఫతాటేవాడి దగ్గర 1320 మెగావాట్ల కేంద్రం లేచింది. దాని మొదటి యూనిట్ 2017లో, రెండవది 2019లో మొదలయ్యాయి. దాని నీడలో ఉన్నామని మనకు యూనిట్ ఒక్క పైసా చవకగా రాదు. బిల్లు పెరిగితే చిన్న కారఖానా కుంగుతుంది, కారఖానా మూతబడితే ముందు వీధిన పడేది మనం. కనుక కరెంటు వృథా కావడం మన సమస్య కూడా.

అయితే వృథా ఎక్కడ అవుతోంది? ఈ ప్రశ్నకు జవాబు నోటితో కాదు, మీటరుతో చెప్పాలనుకున్నాము. మరునాడు మన సభ్యులైన ఒక జాబర్‌ను, ఒక వైర్‌మన్‌ను వెంటబెట్టుకుని ఆ కారఖానాకు వెళ్ళాము. యజమాని దగ్గరుండి చూశాడు. కాగితం మీద వేసిన లెక్క ఇక్కడ ఇస్తున్నాము. కూడికలు, గుణింతాలే. బడిలో నేర్చుకున్నది చాలు, ఎవరైనా తమ కారఖానాలో వేసుకోవచ్చు.

ముందు ఫ్యాన్ల సంగతి. ఒక సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. విప్పిన మూడూ కలిపి 225 వాట్లు. పన్నెండు గంటల పాళీకి (పన్నెండు గంటల పాళీ గురించి మా అభిప్రాయం మీకు తెలిసిందే, ఇక్కడ ఎత్తము) 2.7 యూనిట్లు. నెలకు 26 రోజులు వేసుకుంటే 70 యూనిట్లు. ఇదీ మన గాలి ఖరీదు.

తర్వాత పైకి చూశాము. మసిబట్టిన పాత ట్యూబులు పదహారు. ఒక్కొక్కటి 40 వాట్లు, దాని ఇనుప చోకు తాగే 12 కలిపితే 52. పదహారింటికి పన్నెండు గంటల్లో దాదాపు 10 యూనిట్లు. అదే వెలుతురు, నిజానికి అంతకంటె మంచి వెలుతురు, 20 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ ఇస్తుంది. పదహారు పట్టీలకు 4 యూనిట్లకు తక్కువే. అంటే రోజుకు 6 యూనిట్ల మిగులు. మూడు ఫ్యాన్ల ఖర్చుకు రెట్టింపు కంటె ఎక్కువ! కేంద్ర ప్రభుత్వం ఎల్.ఇ.డి. బల్బులు చవకగా ఇచ్చే ఉజాలా పథకం పెట్టింది 2015లో. మన ఇళ్ళలో బీడీలు చుట్టే అమ్మల నెత్తిమీదికి కూడా ఆ బల్బు వచ్చింది. ఇన్నేళ్ళయినా సాంచాల మీదికి రాలేదంటే ఏమనాలి?

ఆ తర్వాత మోటార్లు. అసలు దొంగ ఇక్కడ దొరికాడు. ఎనిమిదీ ఒక హార్స్‌పవర్ మోటార్లు. జాబర్ ఒక్కొక్కదాని చరిత్ర చెప్పాడు: ఇది మూడుసార్లు కాలింది, అది నాలుగుసార్లు రీవైండింగ్ అయింది. కాలిన మోటారును దుకాణంలో ఇస్తే, పాత తీగ ఊడటానికి దాన్ని మంటలో వేసి కాలుస్తారు. ఆ వేడికి లోపలి ఇనుప రేకులు చెడతాయి. పైగా అసలుకంటె సన్నం తీగ చుడతారు. మోటారు మళ్ళీ తిరుగుతుంది, కాని అదే పనికి ఎక్కువ కరెంటు తాగి వేడెక్కుతుంది. చేయి పెట్టి చూస్తే నిలవదు. ఆ వేడి అంతా యజమాని కొన్న కరెంటే, మన షెడ్డును మరింత కాల్చేదీ ఆ వేడే. ఒక్కో మోటారు గంటకు యూనిట్‌లో పదోవంతు అదనంగా తాగిందనుకున్నా, ఎనిమిదింటికి రోజుకు 9.6 యూనిట్లు, నెలకు 250. మోటార్ల మీద వేలు మందాన దూది నుసి పేరుకుని ఉంది. గాలి ఆడక అవి ఇంకా వేడెక్కుతాయి. బెల్టులు రెండు సాంచాలకు వదులై జారుతున్నాయి. మెయిన్ బోర్డు పక్కన కెపాసిటర్ డబ్బా ఒకటి ఉంది, వైరు ఊడి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. పవర్ ఫ్యాక్టర్ పడిపోతే జరిమానా పడే కనెక్షన్లకు ఆ ఊడిన వైరు ఒక్కటే నెలనెలా డబ్బు కారే చిల్లు.

ఇక యజమాని ఆరోపణ. దానినీ కొలిచాము, దాచలేదు. చాయ్ వేళ ఎనిమిది సాంచాలూ ఆగాయి, ఎనిమిది మోటార్లూ ఉత్తగా తిరుగుతున్నాయి. అరగంటలో మీటరు ఒక యూనిట్ కదిలింది. చాయ్, భోజనం, పడుగు అతికే సమయం కలిపితే రోజుకు గంటన్నర. అంటే 3 యూనిట్లు. ఆయన మాట తప్పు కాదు. ఇది మన చేతిలో ఉన్న వృథా, ఒప్పుకోవాలి.

కాని ఎందుకు ఆపరు అని మన సభ్యులను అడిగితే వచ్చిన జవాబు కూడా యజమాని విన్నాడు. స్విచ్ సాంచా దగ్గర లేదు. గోడకు, ఆయన బల్ల వెనుక ఉంది. పోయి ఆపాలి, వచ్చాక మళ్ళీ పోయి వేయాలి. పాత స్టార్టర్ ఒక్కోసారి పట్టుకోదు. జాబర్ వచ్చేదాకా కూర్చోవాలి. మనకు టవలుకింత, చద్దరుకింత అని కూలి. సాంచా ఆగినంతసేపు మన పగార్ ఆగుతుంది. అట్లాంటివాడు మోటారు ఆపడానికి జంకితే అది బద్ధకం కాదు. సాంచా సాంచాకు చేతికందేచోట ఒక స్విచ్ పెట్టి, స్టార్టర్లు బాగుచేయిస్తే ఆపుతామని నలుగురూ అక్కడే మాట ఇచ్చారు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. మూడు ఫ్యాన్లకు రోజుకు 2.7 యూనిట్లు. ఉత్తగా తిరిగే మోటార్లకు 3. ఆ స్విచ్ మనం నొక్కితే మన ఫ్యాన్లను మనమే సంపాదించుకున్నట్టు, పైన కాస్త మిగులు కూడా. ఈ మాట చెప్పినప్పుడు కారఖానాదారు నవ్వాడు, మొదటిసారి.

నవ్వనివాడు ఒకడున్నాడు. చివరి రెండు సాంచాల మీద పనిచేసే నేతగాడు. "ఫ్యాను తీసినంక చెమట కారి టవలు మీద పడుతాంది అన్నా. మరక పడితే డ్యామేజీ అని నా పగార్ల కోస్తాండ్రు" అన్నాడు. ఇది విన్నారా? ఫ్యాను తీసినందుకు మిగిలింది 2.7 యూనిట్లు. ఆ నెల అతని కూలిలోంచి పోయింది అంతకంటె ఎక్కువ. పొదుపు ఖాతాలో ఇది ఎక్కడ రాస్తారు? మూలన కండెలు చుట్టే అక్కను కూడా అడిగాము, నీ ఫ్యాను ఏమైందని. ఆమె తల ఎత్తకుండానే అంది: "మా దిక్కు ఫ్యానే లేదన్నా, తీసేటందుకు."

ఆ మాటకు మేమే సిగ్గుపడ్డాము. ఏళ్ళ తరబడి ఆ కారఖానాకు పోతున్నాము. నేతగాళ్ళ ఫ్యాన్లు లెక్కపెట్టాము కాని ఆ మూల ఎన్నడూ తల ఎత్తి చూడలేదు. ఒక ఫ్యాను పెడితే రోజుకు 0.9 యూనిట్. డిమాండ్ల కాగితంలో అది మొదటి పంక్తిగా రాశాము.

గాలి, వెలుతురు దయాధర్మం కావు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో గాలి, ఉష్ణోగ్రతలకు 13వ సెక్షన్, వెలుతురుకు 17వ సెక్షన్ ఉండేవి. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కూడా 23వ సెక్షన్ వీటి గురించే. అయితే మెలిక మరోచోట ఉంది. పాత చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో అది ఇరవైకి పెరిగింది. మన పేటల్లో నాలుగు సాంచాలు, ఎనిమిది సాంచాల షెడ్లలో ఇరవైమంది ఎక్కడ ఉంటారు? కనుక ఫ్యాను కోసం ఇన్‌స్పెక్టరును నమ్ముకుంటే లాభం లేదు. సంఘబలమే మన సెక్షన్.

మిల్లుల కాలం చూసినవారికి ఇవన్నీ కొత్త కాదు. 1877లో జూనీ మిల్లుతో మొదలై నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు, జామ్ మిల్లులు లేచిన రోజుల్లో ఆవిరి యంత్రం ఒక్కటి తిరిగితే పైన పొడుగాటి ఇరుసు తిరిగేది. దానినుంచి బెల్టులు దిగి సాంచాలు ఆడేవి. పది సాంచాలు ఆగినా ఇరుసు ఆగదు, బొగ్గు కాలవలసిందే. సాంచాకొక మోటారు వచ్చాక ఆ బాధ పోయింది. ఆగిన సాంచా మోటారును ఆపుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని మన షెడ్లలో స్విచ్ గోడకు పెట్టి పోగొట్టుకున్నాము!

మేము ఒక మిల్లులో సాంచాఖాతాలో బదిలీగా చేరినప్పుడు, మిల్లు దివాళా దారిలో ఉంది. ఖర్చు తగ్గించాలని ఒక మేనేజరు ట్యూబులలో ఒకటి విడిచి ఒకటి తీయించాడు. రాత్రి పాళీలో పోగు తెగిందో లేదో కనబడేది కాదు. మేము బట్టకు ముఖం ఆనించి చూసేవాళ్ళం. మూడు నెలల్లో డ్యామేజీ గుడ్డ గోదాములో గుట్టపడింది. దానిని సగం ధరకు అమ్మారు. ఆ నష్టం ఎంతో లెక్కగట్టి చూపించమని అప్పటి మా యూనియన్ పెద్దలు అడిగితే, "అది నేతఖాతా నష్టం, కరెంటు ఖాతాలో లాభమే" అని జవాబు. మిల్లు భోంగా మూగబోయి ఏళ్ళు గడిచాయి. ఆ జవాబు మాత్రం మాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఫ్యాను తీసి మరకకు కూలి కోసే లెక్క అదే లెక్క.

పొదుపు చేయకూడని చోటు ఇంకొకటి ఉంది. దాని గురించి రాయడానికి చేయి ఆడటం లేదు, అయినా రాయాలి. 2025 మే 18వ తేదీన అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక టవళ్ళ కారఖానా తెల్లవారుజామున అంటుకుంది. యజమాని కుటుంబంవారు, కార్మికులు కలిపి ఎనిమిదిమంది చనిపోయారు. కారఖానాలోనే నివాసం, కిందంతా నూలు, టవళ్ళు. షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చని తొలి వార్తలు వచ్చాయి. అక్కడ ఎవరిది తప్పు అని తేల్చడం మా పని కాదు. ఆ మంట యజమానిని, కార్మికుణ్ణి వేరుచేసి చూడలేదన్నది మాత్రం ఊరంతా చూసింది.

అందుకే వైరు దగ్గర బేరం వద్దంటున్నాము. సన్నని వైరుమీద ఎక్కువ లోడు వేస్తే వైరు వేడెక్కుతుంది. కరెంటు రెండింతలైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. వదులు జాయింటు కూడా అంతే. ఆ వేడి మీటరులో నమోదై బిల్లులో వస్తుంది, ఒకనాటికి నిప్పురవ్వగానూ వస్తుంది. మోటారుమీద, బోర్డులో పేరుకున్న దూది నుసి ఆ రవ్వకు చిదుగు. నుసి తుడవడానికి వారానికి ఒక గంట చాలు. ఆ గంటకు కూలి కట్టివ్వాలి. టవలుకింత అని పనిచేసేవాణ్ణి ఉత్తపుణ్యానికి తుడవమంటే ఎవడు తుడుస్తాడు? ఒక్క గంట కూలితో మోటారు చల్లగా తిరుగుతుంది, నిప్పు భయం తగ్గుతుంది, మన ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్ము కూడా కొంత తగ్గుతుంది.

రంగుఖానాల విషయం మరోసారి వివరంగా రాస్తాము. ప్రస్తుతానికి ఒక్క మాట. కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య బ్యూరో చిన్న పరిశ్రమల కేంద్రాలలో ఇంధన వాడకాన్ని పరిశీలింపజేసినప్పుడు మన షోలాపూర్ బట్టల పరిశ్రమను కూడా తీసుకుంది. కట్టెలు కాల్చి నూలు రంగులు వేసే మన పద్ధతిలో వేడి చాలా భాగం పొగతోను, మూతలేని తొట్టి ఆవిరితోను పోతుంది. తొట్టికి మూత, గొట్టానికి పైచుట్టు, కప్పుమీద సూర్యరశ్మితో నీళ్ళు కాచే ఏర్పాటు ఉంటే కట్టెలూ మిగులుతాయి, అక్కడ నిలబడేవాడి కళ్ళూ మిగులుతాయి.

ఇక మిగిలిన డబ్బు ఎవరిది? అసలు పేచీ ఇక్కడే. 2024 మార్చిలో మహారాష్ట్ర ప్రభుత్వం 27 హార్స్‌పవర్ లోపు మరమగ్గాలకు యూనిట్‌కు 1 రూపాయి, అంతకుమించి 201 హార్స్‌పవర్ లోపు వాటికి 75 పైసలు అదనపు సబ్సిడీ ప్రకటించింది. మంచిదే. ఆ సబ్సిడీ కోసం మరమగ్గాల పేరు చెప్పి అడిగినప్పుడు మన బతుకుల ముచ్చట కూడా చెప్పారు. వచ్చాక మన కూలి రేటులో ఒక్క పైసా కదిలిందా? బిల్లు పెరిగితే మనకు చూపిస్తారు, తగ్గితే డ్రాయరులో పెడతారు. ఇకనుంచి రెండూ చూపించాలి.

మేము ఆ కారఖానాదారుకు ఇచ్చిన కాగితంలో ఉన్నది ఇది: విప్పిన ఫ్యాన్లు వెనక్కి పెట్టాలి, కండెల మూలకు ఒకటి కొత్తది పెట్టాలి. ట్యూబులు మార్చాలి, సాంచాకొక స్విచ్ ఉండాలి. ఇకమీదట కాలిన మోటారును మళ్ళీ చుట్టించక మంచిది కొనాలి, ఎనిమిదీ ఒక్కసారి కాదు, కాలినప్పుడల్లా ఒకటి. కార్మికులు తమవంతుగా ఆగిన ప్రతిసారీ మోటారు ఆపుతారు. నెలనెలా మీటరు రీడింగు యజమాని, ఒక కార్మికుడు కలిసి రాసుకుంటారు. టవలు ఒక్కింటికి ఎన్ని యూనిట్లు పడ్డాయో చూసి, తగ్గినదానిలో సగం దీపావళి బోనసులో వేరుగా కలపాలి. టవలు లెక్కన చూడమనడానికి కారణముంది. గిరాకీ లేక సాంచాలు ఆగిన నెలలో బిల్లు తగ్గితే దాన్ని పొదుపనుకోకూడదు. పని ఎక్కువై బిల్లు పెరిగితే దాన్ని మన తప్పనుకోకూడదు.

ఫ్యాన్లు తిరిగి పెట్టాడు. ట్యూబులు సగం మార్చాడు, సగం వచ్చే నెల అన్నాడు. స్విచ్‌లు నాలుగు సాంచాలకు వచ్చాయి. కండెల అక్కకు టేబుల్ ఫ్యాను ఒకటి వచ్చింది, పాతదే, చప్పుడు చేస్తుంది, కాని గాలి వస్తుంది. బోనసులో సగం మాటకు మాత్రం "చూద్దాం అన్నా" అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో మనకు తెలుసు. దీపావళిదాకా మేమూ చూస్తాము. మీటరు రీడింగు పుస్తకం మాత్రం రెండు సంతకాలతో మొదలైంది.

దాజీపేట, సాఖర్‌పేట, పద్మనగర్ సభ్యులు మీ కారఖానా లైట్ బిల్లు మూడు నెలలది, యజమాని ఇస్తే అసలు, ఇవ్వకుంటే మీటరుమీది అంకెలు రాసుకుని, సెలవురోజు పొద్దున పది గంటలకు ఆఫీసుకు తీసుకురండి. ఎన్ని ట్యూబులు, ఎన్ని ఫ్యాన్లు, ఏ మోటారు ఎన్నిసార్లు కాలింది, మెయిన్ బోర్డుకు అర్తింగు తీగ ఉందా లేదా చూసి రండి. జాబర్, వైర్‌మన్ ఇద్దరూ ఉంటారు. కండెలు చుట్టే అక్కచెల్లెళ్ళను కూడా వెంటబెట్టుకు రండి, వారి మూల లెక్క వారే చెబుతారు.